కలుపుతీత – కాయకధర్మము



భీమడోలు రెండు నేలల పొలిమేరయందున్న ఊరు. ఉత్తరముగా ద్వారకా తిరుమల దారి పట్టినవానికి ఎఱ్ఱని మెట్టనేల ఎదురగును. దక్షిణముగా దిగినవానికి నల్లని పల్లపు భూములు, చేపల చెరువులు, వాటికావల కొల్లేరు. ఏలూరునకును తాడేపల్లిగూడెమునకును నడుమ రైలుదారియు జాతీయ రహదారియు ఈ ఊరి మీదుగనే పోవును. నేల ఏ రంగుదైనను, వానలు తెరపియిచ్చి ఆశ్వయుజము దాటి కార్తీకము అడుగిడుసరికి ఇచ్చటి పెరళ్లలో ఒకే పని సాగుచుండును. వంగనారు, మిరపనారు నాటుదురు. బెండ, చిక్కుడు విత్తులు పెట్టుదురు. తోటకూర మడి చల్లుదురు. ఎనిమిదవ దినమున ఇల్లాలు మడికడకు పోయి చూచును. తాను విత్తినది ఇంకను తల యెత్తియెత్తనట్లుండును. తాను విత్తనిది మడి నిండ పచ్చగా పరచుకొని యుండును.

ఆ పిలువని పచ్చదనము ముందు వంగవలసినవారెవరు? ఇంటి యజమానుడు కూలికి మనిషిని పిలిపింపుమనును. మనిషి దొరకనిచో అంగడినుండి మందుసీసా తెప్పింపుమనును. అదియు కాకున్న, వచ్చే ఆదివారము చూతమనును. ఈ మూడు మాటలును వినని ఇల్లు నేడు అరుదు. లింగధారణ చేసిన గృహస్థుని నోట ఇవి ఎంతవరకు చెల్లునో ఒకింత విచారింపవలెను.

కాయకమనగా కాయముతో చేయునది. పండ్రెండవ శతాబ్దమున కల్యాణపురమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులను తలచుకొనిన ఈ మాట అర్థమగును. మడివాలు మాచయ్య మైలబట్టలుతికినవాడు. మేదర కేతయ్య వెదురు బుట్టలల్లినవాడు. అంబిగర చౌడయ్య పడవ నడిపినవాడు. డోహర కక్కయ్య తోలు పదును చేసినవాడు. ఒక్కలిగ ముద్దన్న నాగలి పట్టినవాడు. సత్యక్క వాకిళ్లూడ్చినది, కొట్టణద సోమమ్మ వడ్లు దంచినది. అనుభవమంటపమున వీరు శివతత్త్వమును చర్చించిరి. చర్చ ముగిసిన పిదప ఎవరి పనికి వారు పోయిరి. మాచయ్య కథను పాల్కురికి సోమనాథుడు పదమూడవ శతాబ్దమున బసవపురాణమున ద్విపదలో కట్టి తెలుగువారికి అందించెను. ఆ మహాకవి చాకలిరేవును పురాణమున కెక్కించుటకు సిగ్గుపడలేదు. నేటి పెద్దమనుషులలో కొందరు తమ పెరటి మడిలో చేయి పెట్టుటకు సిగ్గుపడుచున్నారు.

కొల్లేటి సీమవారికి నులియ చందయ్య కథ మరింత దగ్గరగా తోచవలెను. ఆ శరణుడు చెరువుగట్లమీద గడ్డి కోసి, నులిచి త్రాళ్లు పేని, అమ్మిన సొమ్ముతో జంగమ దాసోహము నడపెడివాడు. ఒకనాడు నీటి ప్రక్క వంగి గడ్డి కోయుచుండగా ఆయన ఇష్టలింగము జారి పడెనట. చందయ్య కోత ఆపలేదు. లింగము తానై వెంటరాగా, కాయకము చేయక నీకును నాయింట చోటు లేదన్నంత పట్టుదల చూపెననియు, తుదకు శరణులు నడుమ చేరి లింగమునకును ఒక పని ఒప్పించిరనియు కథ. శూన్యసంపాదనమున ఈ చందయ్య సంవాదము ఒక అధ్యాయముగనే యున్నది. లింగమును నిర్లక్ష్యము చేయవచ్చునని దీని భావము కాదు. అట్లు పైపైన చదివి అపార్థము చేసికొనువారుందురు కనుక చెప్పవలసివచ్చినది. గడ్డి మొదట వంగిన నడుము లింగపూజకు దూరమైన నడుము కాదని ఆ శరణుని నిశ్చయము.

ఇక కలుపు మాట. అల్లమప్రభువు వచనములలో ఒకదానియందు దేహము తోట; మనస్సు పార; త్రవ్వి పారవేయవలసినది భ్రాంతియొక్క వేరు. ఉపన్యాసకులకు ఈ ఉపమ మిక్కిలి ప్రియమైనది. కామము కలుపు, క్రోధము కలుపు, లోభము కలుపు అని వ్రేళ్లు మడచి చెప్పి, మనసను మడిని శుభ్రము చేసికొనుడని ముగింతురు. చెప్పుట సులభము, వినుట మరింత సులభము. కాని ప్రభువు మాటలోని పట్టు అంతయు వేరు అను పదమునందున్నది. పైకి కనబడు గడ్డిని ఆయన పేర్కొనలేదు. నిజమైన తోటలో నిజమైన పార పట్టిన వాని చేతికే ఆ భేదము తెలియును. కనుక మనసులోని కలుపును కొంతసేపు ప్రక్కనుంచి, మడిలోని కలుపును ముందు చూచుట మేలు.

మడిలో మొలచునవి అన్నియు ఒక జాతివి కావు. గలిజేరు, చిలకతోటకూర, గంగపాయల, వెన్నదేవికూర, ఊదగడ్డి వంటివి విత్తనమునుండి మొలచి, కొద్ది వారములలో పూచి కాచి, విత్తు రాల్చి చచ్చునవి. వీటి బలమంతయు విత్తులోనున్నది. తుంగ, గరిక అట్టివి కావు. వీటి బలము నేల అడుగుననున్నది. తుంగను పైన పట్టి పెరికినవాని చేతికి నాలుగు ఆకులు వచ్చును. నేలలో గొలుసువలె ఒకదానినొకటి పట్టుకొనియున్న గడ్డలు అచ్చటనే యుండును. అంతేకాదు, పై మొక్క పోయినంతనే అంతవరకు నిద్రించుచున్న ప్రక్క గడ్డలు మేలుకొనును. ఒక మొక్క పెరికినచోట మూడు మొక్కలు లేచినవని ఇల్లాండ్రు నొచ్చుకొనుట ఉత్తమాట కాదు. తుంగ మొన ఎంత వాడియనగా, మడిపై పరచు ప్లాస్టిక్ పట్టాను సైతము సూదివలె పొడుచుకొని వచ్చును. గరికయు అట్టిదే. దాని తీగలో ప్రతి కణుపును ఒక మొక్క. పారతో తెగనరికి మడిలోనే కలిపినవాడు గరికను తీసినవాడు కాడు, నాటినవాడు.

కాబట్టి ఏ కలుపునకు ఏ పనిముట్టో ముందుగా తెలియవలెను. విత్తు కలుపు రెండు మూడాకుల దశలోనున్నప్పుడు దోకుడుపారతో నేలపై పొరను పలుచగా గీకిన చాలును. అంగుళము లోతు మించరాదు. లోతుగా త్రవ్విన రెండు నష్టములు కలవు. వంగ, మిరపల పీచువేళ్లు పైపొరలోనే యుండుటచే తెగిపోవును. చీకటిలో పడియున్న పాతవిత్తులు వెలుతురు సోకు చోటికి వచ్చి మొలచును. గీకుపనికి నేల ఆరియుండవలెను, ప్రొద్దుననే చేయవలెను. అప్పుడు తెగిన మొలకలు మధ్యాహ్నపు టెండకు వాడి సాయంత్రమునకు పీచగును. తడినేలపై గీకిన గంగపాయల పడినచోటనే మరల వేరు దన్నును. దాని కాడలో అంత తేమ యున్నది. దానిని మాత్రము ఏరి గంపలో వేసికొనవలసినదే.

మొక్కల మొదళ్లలో మొలచినదానికి పార పనికిరాదు. చేయియు బొరిగెయు కావలెను. చేతితో పెరుకుటకు నేల తడిగా నుండుట మంచిది. నీరు పెట్టిన మరునాడు ఒక చేత పైరుమొదలు అదిమిపట్టి, రెండవచేత కలుపును నేలకు దగ్గరగా పట్టి నిలువుగా లాగినచో వేరుతో వచ్చును. ఉల్లి మడిలో ఈ పని మరింత ఓర్పుతో చేయవలెను. ఉల్లియాకు సన్ననిది, నేలకు నీడ పట్టనిది. దాని నడుమ ఏ కలుపు లేచినను ఎండ దానికే దక్కును.

తుంగకు, గరికకు గునపమో పలుగుపారయో కావలెను. పైరు లేని వేసవి ఇందుకు తగిన కాలము. మడిని జానెడు లోతు త్రవ్వి, పెళ్లలను తిరుగవేసి, గడ్డలను కణుపులను చేతితో ఏరి, మిగిలినవాటిని రోహిణికార్తె ఎండకు వదలవలెను. తుంగగడ్డ ఎక్కువగా ఆ జానెడు లోతులోనే యుండును. నీటికి ఎంత గట్టిదో ఎండకు అంత పిరికిది. పైకి తీసి కొన్నాళ్లు బాగుగ ఎండనిచ్చిన చచ్చును. పైరున్న కాలమున తుంగ లేచినచో వేరొక దారి కలదు. అది లేచినప్పుడెల్ల, రెండు మూడు వారములకొకసారి తప్పక, ఆకు తీసివేయుచుండవలెను. ఆకు లేక గడ్డకు ఆహారము చేరదు, దాచుకొన్నది ఖర్చుచేసి మరల మొలకెత్తును, మరల తీయవలెను. ఒకటి రెండు సారులతో విసిగి మానినవాడు మొదట అసలు తీయనివానికంటె ఎక్కువ సాధింపలేడు. మడి నిండ ఆకుకూరయో తీగచిక్కుడో కమ్మి నీడ పట్టినను తుంగ చిక్కిపోవును. నీడ దానికి గిట్టదు.

విత్తుటకు ముందే చేయదగిన ఉపాయమొకటి పెద్దలెరుగుదురు. మడిని సిద్ధము చేసి, విత్తనము వేయక, ఉత్తి నీరు పెట్టి పది పండ్రెండు దినములు ఊరకుండవలెను. పైపొరలోని కలుపువిత్తులు తమంతట మొలచును. వాటిని దోకుడుపారతో పలుచగా గీకి, నేలను మరల కదల్పక విత్తినచో, మొదటి నెలలో సగము శ్రమ తగ్గును. ఆ మొదటి నెలయే ముఖ్యము. నాటిన ఇరువది దినములకు ఒకసారి, నలువది దినములకు ఒకసారి శ్రద్ధగా తీసిన వంగతోటలో తరువాత లేచు కలుపు పైరును పెద్దగా బాధింపదు. ఆలస్యముగా పెరికినచో కలుపు వేళ్లతో పాటు పైరు వేళ్లును కదలును. కలుపు తీయనివాడు కోత కోయడని సామెత. తీయుదమనుకొని రెండు నెలలు గడపినవాడును కోయడు.

కలుపు పూవు పూయకముందే తీయవలెనని పెద్దలు చెప్పుట వట్టి చాదస్తము కాదు. అమెరికాలో మిచిగన్ రాష్ట్రమున విలియం బీల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1879లో కలుపువిత్తులను ఇసుకతో కలిపి ఇరువది సీసాలలో నింపి నేలలో పాతిపెట్టెను. అవి ఎన్నేండ్లు బ్రతుకునో చూడగోరెను. ఆయన పోయిన పిదప శిష్యులు, వారి పిదప వారి శిష్యులు, వాయిదా ప్రకారము ఒక్కొక్క సీసాను తీయుచు వచ్చిరి. 2021లో తీసిన సీసాలోని విత్తులు కొన్ని నూటనలుబదిరెండు సంవత్సరముల పిదపను మొలకెత్తెను. అన్ని జాతులకును అంత ఆయువు లేదు. కాని గంగపాయల వంటివాని విత్తులును ఏండ్ల తరబడి నేలలో కాచుకొని యుండగలవు. తాత పూయనిచ్చిన కలుపును మనుమడు తీయుచుండుట అతిశయోక్తి కాదు.

వయ్యారిభామ అను కాంగ్రెసు గడ్డిని గూర్చి వేరుగ చెప్పవలెను. 1955-56 ప్రాంతమున పూనాలో గుర్తింపబడిన ఈ మొక్క నేడు దేశమంతయు ప్రాకినది. ఒక్క మొక్క వేలకొలది విత్తులు రాల్చును. దీనిని వట్టిచేతులతో ముట్టరాదు. చర్మమున దద్దురులు, దురద, కొందరికి ఉబ్బసము కలుగును. చేతులకు గుడ్డయో తొడుగో చుట్టుకొని, పూతకు ముందే వేరుతో పెరుకవలెను. పిల్లలను ఈ పనికి పంపరాదు.

కాలువలున్న సీమకు ఇంకొక బాధ కలదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి నీరు ఏలూరు కాలువ వెంబడి ఈ ప్రాంతమునకు చేరి అన్నము పెట్టినది. అదే నీరు పై ఊళ్ల గట్లమీది విత్తులను తెచ్చి ప్రతి మడిలోను దింపుచున్నది. తన పెరడు ఎంత శుభ్రముగ నుంచుకొన్నను కాలువగట్టు కలుపు తన వంతు తాను పంపుచునే యుండును. మడికి నీరు పారు బోదె మొదట ఒక పాతగుడ్డనో సన్నని వలనో అడ్డుకట్టి వడగట్టుట చిన్న పని, చేయువారు తక్కువ. ఇక గుర్రపుడెక్క సంగతి కొల్లేటివారికి చెప్పనక్కరలేదు. ఎక్కడో దక్షిణ అమెరికా నదులలో పుట్టిన ఈ మొక్కను, ఊదారంగు పూవు సొగసును చూచి పంతొమ్మిదవ శతాబ్దపు చివర మన దేశమునకు తెచ్చిరి. ఆ సొగసు నేడు కాలువల గొంతులు పట్టినది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా రామ్‌సర్ జాబితా కెక్కిన కొల్లేటి నీటిపైనను అదే పరచుకొనుచున్నది. అయినను దానికిని ఒక ఉపయోగము కలదు. పూవు లేనప్పుడు గట్టుకు లాగి, బాగుగ ఎండబెట్టి, వరిగడ్డితో కలిపి వంగమొక్కల మొదళ్ల చుట్టును నాలుగంగుళాల మందము పరచినచో క్రింది విత్తు కలుపు వెలుతురు లేక లేవదు, తేమ నిలుచును. పచ్చిది పరచినచో తడిచోట మరల చిగుర్చును. మురుగుకాలువలో పెరిగినదానిని కూరమడికి తేరాదు.

మందుసీసా మాట ఇప్పుడు రావలెను. కలుపుమందు పనిచేయదనుట అబద్ధము. పనిచేయును కనుకనే జనము దానిని పట్టుకొనిరి. కూలీలు దొరకని పెద్ద కమతమువాని ఇబ్బందియు నిజమైనదే. వానిని నిందించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము కాదు. కాని గ్లైఫోసేటు అను మందు పైరునకును కలుపునకును భేదమెరుగదు. తగిలిన పచ్చనిదానినెల్ల చంపును. మన దేశమున దానికి అనుమతి తేయాకు తోటలకును పైరులేని భూములకును ఇచ్చిరేగాని కూరమడులకు ఇవ్వలేదు. 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా విభాగము దానిని మనుషులకు క్యాన్సరు కలిగింపగలదని భావింపదగిన పదార్థముల వర్గమున చేర్చినది. అమెరికా పర్యావరణ సంస్థ వంటివి ఆ నిర్ణయముతో ఏకీభవింపలేదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము, శిక్షణ గల చీడనివారణ పనివారు తప్ప ఇతరులు దీనిని వాడరాదని ఉత్తర్వు వెలువరించెను. పండితుల వివాదము అట్లుండగా, రెండు సెంట్ల పెరటిలో, రేపు కోసి బిడ్డకు వండిపెట్టు తోటకూర ప్రక్కన ఆ సీసా మూత తీయవలసిన అగత్యమేమి?

ఏలూరువారు 2020 డిసెంబరు తొలివారమును మరువలేదు. కొద్ది దినములలో ఆరువందల మందికి పైగా జనము మూర్ఛలతో, తల తిరుగుటతో, వాంతులతో ఆసుపత్రికి చేరిరి. వచ్చి పరీక్షించిన సంస్థలు కొన్ని రోగుల రక్తమున సీసము, నికెలు కలవనెను. కొన్ని పురుగుమందుల అవశేషములవైపు చూపెను. కలుపుమందు వలననే అట్లయ్యెనని ఎవరును తేల్చలేదు. అట్లు చెప్పుట అన్యాయము. అయితే ఆ దినములలో ప్రతి ఇల్లాలును కూరగాయల సంచి చేతబట్టి, ఇది ఎవరి పొలములో ఏమి త్రాగి పెరిగినదో అని ఒక్క క్షణము ఆగినది. ఆ ప్రశ్న న్యాయమైనది. తన పెరటి కూరను గూర్చి ఆ ప్రశ్నకు సమాధానము తన చేతిలోనే యున్నది. దానిని దాసోహమునకు మఠమునకు పంపు గృహస్థునకు ఆ సమాధానము మరింత స్పష్టముగ నుండవలెను. జంగమునకు పెట్టునది ప్రసాదమగును. దానిలో తానెరిగియు చెప్పని విషయమేదియు ఉండరాదు.

చేతితో తీయుటయే మంచిదని ఒప్పుకొనిన పిదప, ఎవరి చేయి అను ప్రశ్న మిగులును. ఇక్కడనే మన సమాజము జంకుచున్నది. గోదావరి మండలములలో కలుపుతీత ఆడవారి పనియని ఎన్నడో నిర్ణయించిరి. దుక్కికి మగవాడు, కలుపునకు ఆడది. దుక్కి దున్ను వానికి గౌరవమును ఎక్కువ, కూలియు ఎక్కువ. సమాన వేతన చట్టము 1976లో వచ్చినది. గట్లమీద లెక్కలు చట్టముతో పాటు మారలేదు. ప్రొద్దుననగా మడిలో దిగి, గొంతుకూర్చుండియో నడుము రెండుగా మడచియో, మొలలోతు పైరులో మధ్యాహ్నము వరకు కదలు స్త్రీని చూచి ఆమె ఏదో కొద్దిపాటి పని చేయుచున్నదనుకొనుట పరిపాటి. ఆమె చేయుచున్నది నిజముగ మిక్కిలి నేర్పుగల పని. ఊదగడ్డి పిలకను వరి పిలకనుండియు, వంగనారును దానివలె కనబడు ముళ్లమొక్కనుండియు క్షణములో వేరుచేయు కన్ను ఆమెది. ఆ కన్నుగల మనిషిని పాటకురాలు అని చులకనగా పిలిచి, సాయంత్రము పది రూపాయల కొరకు బేరమాడి, రాత్రి శివానుభవ గోష్ఠిలో కాయకమును గూర్చి ప్రసంగించువాని మాట బసవేశ్వరుని చెవికి చేరునా?

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ తెలియనివారు లేరు. రాలిన బియ్యపు గింజలేరుట వారి కాయకము. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తేగా, లక్కమ్మ అది తమది కాదని తిరిగి అక్కడనే పోసిరమ్మని పంపెను. ఆ తల్లి పెట్టిన లెక్క నేటి యజమానుడు తన ఇంటికి తిరుగవేసి చూచుకొనవలెను. తన గాదెలో మిగిలిన ఆ కాస్తయు ఎవరి కూలిలో తరిగినది? దానిని తిరిగి పోయవలసిన చోటు ఏది?

కూలి ఒక్కటే కాదు, నడుమును చూడవలెను. అమెరికాలోని కాలిఫోర్నియా కూరపొలములలో, మెక్సికోనుండి వచ్చిన కూలీలు మొదలైనవారిచేత అడుగు, అడుగున్నర పిడి గల పొట్టిపారతో దినమంతయు కలుపు తీయించెడివారు. పొడుగుపిడి పార లేక కాదు. వంగియున్నంతసేపు పని జరుగుచున్నదని, నిలువబడినవాడు పని మానినాడని, గట్టుమీది పెత్తనదారునకు దూరమునుండి తెలియుట కది అనువు. వేలమంది నడుములు చెడెను. కూలీల పక్షమున న్యాయవాదులు పోరాడగా 1975లో ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము తీర్పుమీదట ఆ పొట్టిపార నిషేధింపబడెను. పిడి పొడవు గూర్చి ఒక న్యాయస్థానము యోచించుట వినుటకు వింతగ నుండవచ్చును. కూర్చున్నవానికే అది వింత.

మన యూళ్లలో ఇందుకు న్యాయస్థానము అక్కరలేదు, వడ్రంగి చాలును. దోకుడుపారకు పనిచేయు మనిషి భుజమెత్తు వెదురుపిడి వేయించిన, వరుసల నడుమ గీకు పని అంతయు నిలువబడి చేయవచ్చును. పెరటిలో వరుసల నడుమ పార నడచునంత ఎడము విడిచి నాటుట దానికి తోడు. అటుపిమ్మట వంగి చేయవలసినది మొక్కల మొదళ్ల పని మాత్రమే. పారయంచు మొద్దుబారనీయక వారమునకొకసారి ఆకురాయితో పట్టించిన సగము బలము మిగులును. పని ముగిసిన పిదప మన్ను తుడిచి, ఒక చుక్క నూనె రాచి, తడి తగులనిచోట వ్రేలాడదీయవలెను. పనిముట్టును శుభ్రము చేయక వదలిన చేయి పూజాద్రవ్యములను మాత్రము శుభ్రముగ నుంచునని నమ్ముట కష్టము.

రెండు సెంట్ల పెరటికి కూలిమనిషియే అక్కరలేదు. దినమునకొక గడియ, అనగా ఇరువదినాలుగు నిమిషములు, ఇంటివారు పంచుకొనిన చాలును. ప్రాతఃకాలమున ఇష్టలింగార్చన ముగించి, విభూతి ఆరకముందే మడిలో దిగుటకు అభ్యంతరమేమియు లేదు. మన్నంటిన చేతులు మైలపడినవని కొందరు ముసలివారు సణుగుదురు. భృత్యాచారమును పంచాచారములలో ఒకటిగా పెట్టిన మతమున ఆ సణుగుడునకు చోటు లేదు. చేతులు కడుగుకొనుటకు నీరున్నది. ఇంటి పెద్ద తానే ముందు దిగినచో పిల్లలను పిలువనక్కరలేదు, వారే వత్తురు. మొదట రెండు దినములు మొక్కలను కూడ పెరికివేయుదురు, పెరుకనిండు. మూడవ దినమునకు వంగయాకు నూగును, బెండయాకు గరుకును వారి వ్రేళ్లు గుర్తుపట్టును. పుస్తకమున చూపి నేర్పలేని వివేకమది. మఠముల కానుకొనియున్న తోటలలో విద్యార్థులచే ఈ పని చేయించు పెద్దలు శిక్షగా చేయింపరాదు. తప్పు చేసినవానిని మడికి పంపు ఆచారము కొన్ని వసతిగృహములలో కలదు. దానివలన పిల్లవానికి కలుపుతీత అవమానమని నేర్పినట్లగును. బాగుగ చదివినవానిని, పాడగలవానిని, ముందు వరుసలో దింపవలెను. అయ్యవారును వారి ప్రక్కన దిగవలెను.

గంపలోనికి వచ్చినదానిని పారవేయుటలోను విచక్షణ కావలెను. విత్తు పట్టని కలుపు పశువుల తొట్టికో ఎరువుగుంటకో పోవచ్చును. తుంగగడ్డలు, గరిక కణుపులు ఎరువుగుంటలో వేయరాదు. అవి ఆ ఎరువుతో పాటే మడికి తిరిగివచ్చును. రాతిమీద బాగుగ ఎండనిచ్చిన పిదప వేయవచ్చును. తుంగగడ్డను వైద్యులు తుంగముస్తెలని పేరుపెట్టి ఔషధమున వాడుదురు. గరికను పూజకు కోసికొందురు. గుంటగలగరను తలనూనెలో కాచుదురు. మడిలో తగని చోట మొలచినందుననే వాటికి కలుపను పేరు వచ్చినది.

ఇక గంపలో అడుగున చేరినవి చాలవరకు కూరలే. పొన్నగంటి కూర, లేత గలిజేరు, చిలకతోటకూర, గంగపాయల వీటన్నిటిని మన తాతలు పప్పులో వేసికొని తిన్నారు. ఏ అంగడిలోను కొనలేదు. మందు తగలని మడినుండి, మురుగు చేరని నేలనుండి తీసినవైనచో నేడును తినవచ్చును. తెలిసిన పెద్దలకు చూపి, తెలియని ఆకును ప్రక్కకు తీసివేయవలెను. గంగపాయలను వేళ్లు గిల్లి, మూడు నీళ్లు కడిగి, కందిపప్పుతో ఉడికించి, దాని పులుపు దానికే యున్నది కనుక చింతపండు తగ్గించి వేసి, వెల్లుల్లి లేకుండ ఇంగువ పోపు పెట్టుదురు. కార్తీక సోమవారమున ప్రొద్దుగూకి నక్షత్రము కనబడిన పిదప ఉపవాసము విడుచు పంక్తిలో ఆ పప్పు వడ్డించునాడు, ఆ వారము ఎవరింట మడిలో ఎవరు వంగిరో వారందరికి అదే వరుసలో ఆకులు వేయవలెను. కూలికి వచ్చిన ఆమెకు కబురు ముందుగా పంపవలెను. ఆమెకు చీకటిపడిన పిదప ఇంటికి పోవలసిన దూరముండును, తోడు పంపుటయు మరువరాదు.